రెండో రిమోట్

తొలినాళ్లలో పేరు తెచ్చుకున్న వీడియో గేములు ఇద్దరి కోసం పుట్టినవే. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, చూడవచ్చే జనానికి విసుగు పుట్టకూడదని ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ లాంటి ఆటొకటి తయారుచేశాడు. దాన్నిప్పుడు 'టెన్నిస్ ఫర్ టూ' అంటున్నారు. 1962లో ఎంఐటీ కుర్రాళ్లు రాసిన 'స్పేస్‌వార్'లో రెండు ఓడలుంటాయి, రెంటినీ మనుషులే నడపాలి. 1972లో అటారీ వాళ్లు తెచ్చిన 'పాంగ్' కూడా అంతే. ఆ యంత్రాన్ని మొదట పెట్టింది కాలిఫోర్నియాలో ఒక బారులో. ఒక్కడే వచ్చినవాడు పక్కన కూర్చున్న మనిషిని 'ఓ ఆట వేద్దామా' అని పలకరించాలి. లేకపోతే ఆట లేదు. మనిషి యంత్రంతో ఒక్కడే గంటల తరబడి తలపడటం మామూలైంది ఆ తర్వాతే.

ఇది పట్టుకుని ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ ఆటల మీద మన ఇళ్లలో వినిపించే మొదటి ఫిర్యాదు 'పిల్లలు ఒంటరివాళ్లయిపోతున్నారు' అనే. గదిలో తలుపేసుకుంటాడు, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుంటాడు, పిలిచినా పలకడు. నిజమే, మనకి పలకడు. కానీ ఆ తలుపు దగ్గర ఒక్క ఐదు నిమిషాలు నిలబడి వినండి. లోపల మాట ఆగదు. నవ్వులు, తిట్లు, బతిమాలుకోవడాలు, లెక్కలు, ఊళ్ల పేర్లు, ఎవరి చెల్లెలి పెళ్లి కబురో, ఎవరికో వచ్చిన జ్వరమో. పిల్లలు మాట్లాడటం మానలేదు. ఆ మాటల్లో మనం లేకుండా పోయాం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది నిజమైతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రెండోది నిజమైతే మనమే వెళ్లి పక్కన కూర్చోవాలి.

1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ యంత్రానికి రెండు రిమోట్లుండేవి. రెండోదాంట్లో చిన్న మైకు ఉండేది. మొదటిదాంట్లో లేదు. ఆ తర్వాత వచ్చిన 'జెల్డా' ఆటలో పెద్ద చెవులున్న ఒక జీవి ఎదురైతే, మైకులోకి గట్టిగా అరిస్తే చచ్చిపోయేది. అదే యంత్రం అమెరికా వెళ్లేసరికి మైకు తీసేశారు. అరవడానికి ఏమీ లేదు, ఆట పుస్తకంలో మాత్రం ఈ జీవికి పెద్ద శబ్దం గిట్టదన్న సంగతి అలాగే అచ్చయి ఉంది. అక్కడి పిల్లలు ఆ వాక్యం పట్టుకుని ఎంత జుట్టు పీక్కున్నారో! ఇంట్లో రెండోవాడికి దక్కే రిమోట్‌లో నోరు పెట్టాలన్న ఆలోచన ఎవరిదోగానీ, వాళ్లకి నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను. మొదటి రిమోట్ ఆడేవాడిది. రెండోది తోడొచ్చినవాడిది.

మా తెనాలి ఇంట్లో రెండో రిమోట్ నాది. మనకి అసలు ఫామికామ్ ఎక్కడిది, దాని నకళ్లే వచ్చేవి. నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో బేరమాడి తెచ్చిన పెట్టె అది. మేము దాన్ని 'టీవీ గేమ్' అనేవాళ్లం, లోపల పెట్టేదాన్ని 'క్యాసెట్' అనేవాళ్లం. క్యాసెట్ ఆడకపోతే తీసి అడుగున ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. మొదటి రిమోట్ అన్నయ్యది, అందులో చర్చకి తావులేదు. వాడు బయటికి వెళ్లినప్పుడు నేను ఒక్కదాన్నే మొదటి రిమోట్ పట్టుకుని ఆడిన రోజులున్నాయి. అవి నాకు అంతగా గుర్తులేవు. గుర్తున్నవన్నీ ఇద్దరం ఆడినవే.

'కాంట్రా' ఆడినవాళ్లకి మూడో స్టేజి చెప్పక్కర్లేదు. జలపాతం. మొదటి స్టేజి అడవిలో పక్కకి పరిగెత్తినట్టు కాదు, ఇక్కడ రాతి మెట్ల మీద ఎగురుకుంటూ పైకి పోవాలి. మనం పైకి పోయేకొద్దీ తెర కూడా పైకి జరుగుతుంది. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకడు తొందరపడి రెండు మెట్లెక్కాడా, కింద ఉన్నవాడి కాళ్ల కింది రాయి తెర దాటిపోయి వాడు చస్తాడు. శత్రువు తూటా తగిలి కాదు, తోటివాడి తొందర వల్ల. అందుకని ఆ స్టేజిలో నోరు మూసుకుని ఆడటం కుదరదు. 'ఆగు, నేనింకా ఎక్కలేదు', 'ఎడం పక్క మెట్టు నాది, నువ్వు కుడి', 'ఒకటి, రెండు, మూడు, ఇప్పుడు'. అన్నయ్య స్కూల్లో, వీధిలో, భోజనాల దగ్గర ఎన్నడూ నా కోసం ఆగిన మనిషి కాదు. ఆ జలపాతం దగ్గర ఆగేవాడు. 'ఎస్' అక్షరం ఎగురుతూ వచ్చేది. దాన్ని పట్టుకుంటే ఒక్క నొక్కుకి ఐదు తూటాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. మామూలుగా అయితే దాని కోసం కొట్టుకునేవాళ్లం. నా చేతిలో ఉత్త తుపాకీ మిగిలినప్పుడు మాత్రం 'ఈసారి ఎస్ నువ్వు తీసుకో' అనేవాడు. ఆటలో గెలవాలంటే నేను బతికుండటం వాడికి అవసరం. అవసరం కోసమే అయినా, ఆ మాట అలవాటైంది. ఇప్పుడు ఆస్తి పంపకాల లాంటి కష్టమైన మాటలు వచ్చినప్పుడు మేమిద్దరం ఒకళ్ల కోసం ఒకళ్లం ఆగి మాట్లాడుకోగలుగుతున్నామంటే, దానికి పునాది ఆ మూడో స్టేజిలో పడిందని నేను నమ్ముతాను.

ఆ రోజుల్లో ఆట కంటే ఆట గురించిన మాటలకి ఎక్కువ కాలం పట్టేది. 'కాంట్రా'లో ముప్పై ప్రాణాలు వచ్చే కిటుకు ఉంది: రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. దీన్ని పెట్టింది కజుహిసా హషిమోటో అనే జపాన్ ప్రోగ్రామరు. 1986లో 'గ్రేడియస్' అనే ఆటని ఫామికామ్‌కి మారుస్తున్నప్పుడు, పరీక్షించడానికి కూడా తనవల్ల కానంత కష్టంగా ఉందని ఈ మీటల వరస పెట్టుకున్నాడు, తీసెయ్యడం మర్చిపోయాడు. అది అక్కణ్ణుంచి కోనామి వాళ్ల మిగతా ఆటల్లోకి పాకింది. ఈ కథంతా నేను పెద్దయ్యాక చదివాను. అప్పట్లో నాకు తెలిసిందల్లా ఆ వరస మా ఊరికి హైదరాబాదు నుంచి వేసవి సెలవులకి వచ్చిన మా బాబాయి కొడుకు నోట్లో వచ్చిందని. వాడికి కోఠీలో టీవీ గేమ్ అమ్మే షాపతను చెప్పాడట. ఎక్కడో జపాన్‌లో ఒక మనిషి చెరపడం మర్చిపోయిన ముక్క, మేము ఏ పుస్తకంలోనూ, ఏ పేపర్లోనూ చూడకుండానే, ఒక నోటి నుంచి ఇంకో నోటికి అందుకుంటూ గుంటూరు జిల్లాలో మా వీధికి చేరింది. పిల్లల మాటకి ఉన్న బలం అది.

అన్నీ నిజాలే వచ్చేవని కాదు. 'డక్ హంట్'లో బాతుని కొట్టలేకపోతే గడ్డిలోంచి లేచి నవ్వే కుక్క ఉంటుంది. దాన్ని తుపాకీతో కాల్చవచ్చని మా వీధి కుర్రాడొకడు ఒట్టేసి చెప్పాడు. మాకు ఎంత కాల్చినా చచ్చేది కాదు. 'నువ్వు దగ్గరగా నిలబడ్డావు', 'దూరం నిలబడి ఎడం కన్ను మూసుకోవాలి', 'అది వేరే క్యాసెట్'. ఈ వాదన ఒక వేసవి మొత్తం నడిచింది. ఇళ్లలో ఆడే క్యాసెట్‌లో అది కుదరదు, బయట నాణెం వేసి ఆడే యంత్రంలో మాత్రం కుక్కకి గురి తగిలేది. అంటే వాడు పూర్తిగా అబద్ధమూ చెప్పలేదు. ఆ తుపాకీ పనిచేసే తీరు కూడా అప్పుడు మాకు తెలియదు. మీట నొక్కగానే తెర ఒక్క రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చదరం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలో ఉన్నది ఆ వెలుగుని పట్టే కన్ను, అంతే. పాత డబ్బా టీవీల కోసం చేసిన ఏర్పాటది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ ముందు ఆ తుపాకీ ఎంత నొక్కినా బాతు పడదు.

ఆట చుట్టూ వాదన మాతో మొదలవలేదు. అమ్మమ్మ అష్టాచెమ్మా ఆడేది. అరుగు మీద సుద్దముక్కతో ఐదు గళ్లు అడ్డం, ఐదు గళ్లు నిలువు గీసి, చింతపిక్కలు రాతి మీద ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసి, నాలుగూ గుప్పిట్లో గిలకరించి వేసేది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఆ రెండూ పడితే ఇంకో వేటు. ఆట మొదలవడానికి ముందే పావుగంట వాదన. చెమ్మా పడితేగానీ కాయ దించకూడదా, పడింది పడ్డట్టు నడపొచ్చా? ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లొచ్చా, కూడదా? పక్కింటి సుబ్బమ్మ గారి పుట్టింట్లో ఒక పద్ధతి, మా అమ్మమ్మ మెట్టినింట్లో ఇంకో పద్ధతి. రూలు ఎక్కడా రాసిలేదు కాబట్టి ఆడబోయేవాళ్లు మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. ఆ తేల్చుకోవడంలో ఎవరు మొండివాళ్లో, ఎవరు చిన్నపిల్లల కోసం ఒక మెట్టు దిగుతారో అందరికీ తెలిసిపోయేది.

నాకు తోచింది ఇది. అమ్మమ్మ కాలంలో ఆట చుట్టూ ఉన్న మాట రూలు గురించి. మా కాలానికి రూలు యంత్రం లోపలికి వెళ్లిపోయింది, దానితో వాదించే పని లేదు. అందుకని మేము రహస్యాల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పటి పిల్లలకి రూలూ రహస్యమూ రెండూ రెండు నిమిషాల్లో ఫోనులో దొరుకుతాయి. కుక్క చస్తుందా చావదా అని వేసవంతా కొట్టుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు. మరి వాళ్లు ఆట మధ్యలో అంతంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారు? నేను విన్నంతవరకు, బతుకు గురించి.

మా అన్నయ్య కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. హాస్టల్. పొద్దున్న చీకటితో లేచి స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఫోన్లు ఉండవు, ఆదివారం నాడు వార్డెన్ ఫోన్లోంచి ఇంటికి ఒక కాల్. దసరా సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో బీజీఎంఐ అనే ఆట తెరుస్తుంది. నలుగురు ఆడపిల్లల స్క్వాడ్. నలుగురూ ఒకే గదిలో ఉండేవాళ్లు, సెలవులివ్వగానే ఒకతె ఒంగోలు, ఒకతె నంద్యాల, ఒకతె ఖమ్మం వెళ్లిపోతారు. 'ఇక్కడ కూర్చోనా' అని అడిగి మంచం మీద పక్కన చేరాను. 'కూర్చో అత్తా, కానీ మధ్యలో ప్రశ్నలడక్కు' అంది. స్పీకర్ పెట్టమన్నాను. పెట్టింది.

వంద మంది విమానంలోంచి దూకుతారు. ఎనిమిది కిలోమీటర్లు పొడవు, ఎనిమిది వెడల్పు ఉన్న నేల. దిగగానే ఖాళీ ఇళ్లలో జొరబడి తుపాకులు, మందులు ఏరుకుంటారు. చుట్టూ ఒక వలయం మెల్లగా కుంచించుకుపోతూ అందరినీ ఒకచోటికి నెడుతుంది. చివరిదాకా మిగిలినవాళ్లు గెలిచినట్టు. ఇదంతా తెర మీద జరుగుతోంది. స్పీకర్లో జరుగుతున్నది వేరు.

'ఒసేయ్, ఫిజిక్స్ సార్ ఇచ్చిన షీట్ చేశావా?'

'నాలుగోది రాలేదే. ఆగు, పైన అడుగుల చప్పుడు.'

'మనవాళ్లే. మెడ్‌కిట్ ఉందా ఎవరి దగ్గరైనా?'

'ఒకటుంది, ఇక్కడ పడేశా, తీసుకో. మీ నాన్న ఇంకా మాట్లాడట్లేదా?'

'లేదు.'

కాసేపు తుపాకుల మోత తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత మా పిల్ల, చాలా మామూలుగా, 'సరే, జీపు ఎక్కు, జోన్ వచ్చేస్తోంది' అంది.

ఖమ్మం పిల్ల నాన్న మాట్లాడకపోవడానికి కారణం వీక్లీ టెస్టులో మార్కులు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ పిల్ల ఆ ముక్క ఎదురుగా కూర్చుని చెప్పమంటే చెప్పలేదు, ఫోన్ చేసి ప్రత్యేకంగా అడిగినా చెప్పదు. చేతులకి వేరే పని ఉండి, కళ్లు వేరే చోట ఉండి, ఎవరూ తన మొహం చూడట్లేదన్నప్పుడు మాత్రమే బయటికి వచ్చే మాటలుంటాయి. మా అమ్మావాళ్లు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పుకున్నవి అవే. బీజీఎంఐకి ముందున్న పబ్‌జీని 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించినప్పుడు, దేశ భద్రత గురించి పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు, పిల్లల చదువు బాగుపడుతుందని సంతోషించారు. బడులు కూడా మూసి ఉన్న ఆ రోజుల్లో కొందరు పిల్లలకి స్నేహితులు దొరికే చోటు కూడా దాంతో మూతపడిందని ఎవరైనా అనుకున్నారా? నేను వినలేదు.

ఆట కబుర్లకి చోటు కావడం కొత్త సంగతేమీ కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన 'మడ్' అనే ఆటలో బొమ్మలే లేవు, అన్నీ అక్షరాలే. చాలామంది ఒకేసారి అందులోకి రావచ్చు. ఇలాంటి ఆటలకి వచ్చేవాళ్లని బార్టిల్ తర్వాత 1996లో నాలుగు రకాలుగా విడదీశాడు. గెలుపు కోసం వచ్చేవాళ్లు, మూలమూలలా వెతకడానికి వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ని ఏడిపించడానికి వచ్చేవాళ్లు, కేవలం కబుర్ల కోసం వచ్చేవాళ్లు. ఆ నాలుగో రకం వాళ్లకి నిధి దొరికినా దొరక్కపోయినా ఒకటే. మా పిల్ల స్క్వాడ్ ఆ రాత్రి ఇరవై ఎన్నో స్థానంలో పోయింది. నలుగురిలో ఒక్కతె కూడా బాధపడలేదు.

మర్నాడు స్నేహితురాళ్లెవరూ లేరు. మా పిల్ల ఎవరో తెలియని ముగ్గురితో ఆడింది. మైకు ఆపేసింది. 'ఎందుకమ్మా?' అన్నాను, ప్రశ్నలడక్కన్నా సరే. 'ఆన్ చేస్తే అమ్మాయినని తెలిసిపోతుంది అత్తా. ఇక ఆట సాగదు' అంది. ఆ గొంతులో కోపం లేదు. వర్షం వస్తే గొడుగు తీసుకెళ్లాలన్నంత మామూలుగా చెప్పింది. నాకు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. పదిహేడేళ్ల పిల్ల, ఆ ముగ్గురికంటే బాగా ఆడుతోంది. నోరు మెదపకుండా మ్యాపు మీద పచ్చ చుక్కలు పెట్టి ఎటు వెళ్లాలో చూపిస్తోంది, ఆటలో ముందే తయారుగా ఉన్న పొడి మాటలు నొక్కి 'ఇక్కడ శత్రువు' అని చెబుతోంది, కింద పడినవాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని లేపుతోంది. వాళ్లలో ఒకడు 'థాంక్స్ బ్రో' అన్నాడు. నలభై ఏళ్ల కిందట రెండో రిమోట్‌కి ఇచ్చిన నోటిని, ఇవాళ ఒక ఆడపిల్ల తనే మూసుకుని ఆడాల్సి వస్తోంది.

ఆడపిల్ల గొంతు వినగానే బూతులు మాట్లాడే కుర్రాళ్లు ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు, మన ఇళ్లలోవాళ్లే. వాళ్ల అమ్మానాన్నలూ 'ఎంతసేపు ఆడతావురా' అని రోజూ అడుగుతూనే ఉంటారు. ఎలా మాట్లాడుతున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు, ఆడపిల్ల గొంతు వినపడితే మీవాళ్లు ఏమంటారు, అప్పుడు నువ్వేం చేస్తావు అని అడిగేవాళ్లు ఎంతమంది? గంటలు లెక్కపెట్టడం తేలిక. గోడ గడియారం చాలు. మాట వినాలంటే మనిషి పక్కన ఉండాలి.

నేను ఆటల్ని వెనకేసుకొస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే, చెప్పాల్సింది కొంత ఉంది. ఆట మనిషిని మింగేసే స్థితి ఉన్నమాట నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లో పెట్టిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. అయితే దానికి వాళ్లు పెట్టిన గుర్తులు చూడండి. ఆట మీద అదుపు తప్పాలి, తక్కిన పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవాలి, నష్టం జరుగుతోందని తెలిసీ మానలేకపోవాలి. ఇదంతా మామూలుగా ఏడాది పాటు కనపడాలి. సెలవుల్లో వారం రోజులు ఆడిన పిల్లని 'అడిక్ట్ అయిపోయింది' అనడం ఆ జబ్బుతో నిజంగా బాధపడే పిల్లలకి చేసే అన్యాయం. పైగా ఆ గుర్తుల్లో ఒక్కటి కూడా తలుపు బయట నిలబడితే తెలిసేది కాదు.

ఇక డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటి విషయంలో నాకు రెండో మాట లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మంచి పని. సంక్రాంతికి చావిట్లో పేకాట వేసే పెద్దవాళ్లు కూడా డబ్బు పోగొట్టుకునేవారు, కాదనను. కానీ అక్కడ 'చాల్లే బావా, ఇక లే' అనే మనిషి ఒకడుండేవాడు. ఫోన్లో రమ్మీకి ఆ మనిషి లేడు. ఎదురుగా ఆడుతున్నది ఎవరో తెలియదు, వాడికి నువ్వెవరో అక్కర్లేదు, అర్ధరాత్రి రెండింటికి ఆపమని చెప్పే నోరు లేదు. పక్కన ఎవరూ లేకపోవడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఫోనులో ఆటలంటే మండిపడే మనిషి. 2020 లాక్‌డౌన్‌లో ఎవరో లూడో కింగ్ పెట్టిచ్చారు. అమ్మావాళ్లు నలుగురు: అమ్మ తెనాలిలో, పెద్దమ్మ విశాఖలో, చిన్న మామయ్య హైదరాబాదులో, పిన్ని డల్లాస్‌లో. లూడోకి సరిగ్గా నలుగురు. ఒక ఫోన్లో ఆట, ఇంకో ఫోన్లో స్పీకర్ పెట్టి కాల్. మాకు పొద్దున్న కాఫీల వేళ, పిన్నికి రాత్రి గిన్నెలు సర్దుకునే వేళ. 'నా కాయని చంపావు గదే, ఇంటి గడప దాకా వచ్చిందాన్ని!' అని అమ్మ అరుపులు వీధిలోకి వినిపించేవి. ఆ లూడో మన పచ్చీసు లోంచి పుట్టిందే, ఇంగ్లండ్ వెళ్లి పేరు మార్చుకుని వచ్చింది. ఆ సంగతి అమ్మకి చెబితే, 'అందుకే నాకు త్వరగా వచ్చింది' అంది. ఆ ఆట మధ్యలోనే పెద్దమ్మ తన మోకాలి ఆపరేషను భయం చెప్పుకుంది. ఆ ఆట మధ్యలోనే, ఎప్పుడో అమ్మమ్మ నగల దగ్గర మాటపట్టింపు వచ్చి పొడిపొడిగా ఉంటున్న మామయ్యా పిన్నీ మళ్లీ పేర్లు పెట్టి పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు. 'నీ వంతురా' అంది పిన్ని, అంతే.

అమ్మ ఇప్పుడు మనవరాలి గదిలోకి వెళ్లి 'ఏమే, గెలిచావా, చచ్చావా' అని అడుగుతుంది. నాన్నకి, అన్నయ్యకి చెప్పని కబుర్లు ఆ పిల్ల నాయనమ్మకి చెబుతుంది. ఇద్దరూ ఆడేవాళ్లు కాబట్టి.

మన దగ్గర కొన్ని ఆటలకి మర్యాద దక్కింది. చదరంగం ఆడే పిల్లల్ని ఎవరూ తిట్టరు. కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగైసి 2800 రేటింగ్ దాటాడు. హంపికి ఆట నేర్పింది వాళ్ల నాన్న అశోక్. మనం పతకాల దగ్గర ఆగిపోయి, ఆ తండ్రీకూతుళ్లు బల్లకి అటూ ఇటూ కూర్చుని గడిపిన ఏళ్ల సంగతి మర్చిపోతుంటాం. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వీడియో గేములకి కూడా పతకాలిచ్చారు. రేపు మన పిల్లలెవరైనా ఒకటి తెస్తే ఈ ఆటలకీ మన ఇళ్లలో కుర్చీ వేస్తారు, నాకు తెలుసు. అంతదాకా ఆగడం నాకిష్టం లేదు. పతకం తెచ్చే పిల్లలు కోటికొకరు. రాత్రి పదింటికి 'మీ నాన్న ఇంకా మాట్లాడట్లేదా' అని అడిగే పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు.

సంక్రాంతి సెలవులు వచ్చినప్పుడల్లా హాస్టళ్ల నుంచి పిల్లలు ఇళ్లకి వస్తారు. మొదటి రోజు మార్కులడగకండి. వాళ్లు ఆడుతున్నప్పుడు పక్కన కూర్చోండి, అంతకు ముందు వాళ్లనడిగి కూర్చోండి. కొడుకుంటే, స్పీకర్ పెట్టమనండి. కూతురుంటే, మైకు ఎందుకు ఆపుకుందో అడగండి. తర్వాత ఆ ఆట మీకూ నేర్పమనండి. మీరు మొదటి నిమిషంలోనే చస్తారు. ఎందుకు చచ్చారో వాళ్లు చెబుతారు, మధ్యలో ఆపకుండా వినండి.